45 గజాల తాడు ఎన్ని ఫాదమ్‌లు అవుతుంది?

సగం చేయండి, అంతే. 45 గజాలంటే 22.5 ఫాదమ్‌లు. గజానికి 3 అడుగులు, ఫాదమ్‌కి 6 అడుగులు. ఫాదమ్‌లను గజాల్లోకి మార్చాలంటే రెట్టింపు. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. (ఇది పొడవు గజం సంగతి. ప్లాటు కాగితాల్లో కనిపించే గజం చదరపు గజం, దాన్ని ఇందులోకి లాగకండి.)

ఫాదమ్ మనకు తెలియని కొలతేం కాదు. మన బారే అది. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా. పూలమ్మి కొలిచే మూరలు రెండు కలిస్తే గజం, నాలుగు కలిస్తే బార. ఆవిడ మూర ఎప్పుడూ కాస్త పొట్టే, అది వేరే విషయం.

అసలు తేడా కొట్టేది మీటర్ల దగ్గర. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్లు, వలలు అమ్మే కొట్లో పనిచేశాను. ఒక ముసలి తండేలు (పడవ నడిపించే పెద్ద) వచ్చి లంగరుకి నలభై బారల తాడు కావాలన్నాడు. బారంటే మీటరుకి కాస్త అటూ ఇటూ అనుకుని 40 మీటర్లు కోసి, చుట్ట చుట్టి ఇచ్చేశాను. కానీ నలభై బారలంటే 80 గజాలు, అంటే 73 మీటర్ల పైమాటే. నేనిచ్చింది 22 బారలు కూడా లేదు.

మూడోరోజు మళ్లీ వచ్చాడు. పన్నెండు బారల లోతులో లంగరేస్తే ఆగలేదట, రాత్రంతా పడవ జారుతూనే ఉందట. లోతుకి కనీసం మూడు రెట్లు తాడు వదలాలి. లేకపోతే తాడు నిటారుగా లాగి లంగరును పైకి లేపేస్తుంది, ఇసకలో పట్టు దొరకదు. "ఏటి బాబూ, బారంటే మీటరనుకున్నావేటి?" అన్నాడు. తిట్టుంటేనే బావుండేది.

లెక్క పక్కాగా కావాలంటే గజం 0.9144 మీటరు, 1959 నుంచి ఇదే ఖాయం. ఫాదమ్ 1.8288 మీటర్లు. పాత బ్రిటిష్ సముద్ర పటాల్లో లోతులు ఫాదమ్‌లలోనే ఉంటాయి, కొత్తవాటిలో మీటర్లు. పటం పేరు కింద ఏది రాసుందో చూడకుండా అంకె నమ్మితే లోతు దాదాపు సగానికి సగం తప్పుతుంది.

ఈసారి టేపు పెట్టి 74 మీటర్లు కోశాను. ఆయనకి టేపు మీద నమ్మకం కుదరలేదు. చుట్ట విప్పి, తాడు ఛాతీకి అడ్డంగా పట్టి, చేతులు చాపుతూ, కొలిచింది కాళ్ల దగ్గర వదులుతూ "లాభం, రెండు, మూడు..." అని లెక్కపెట్టుకున్నాడు. నలభై నాలుగు వచ్చింది. మనిషి పొట్టి కదా. నలభై కంటే నాలుగు ఎక్కువొచ్చిందని చూసి, మారుమాట లేకుండా తాడు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.