మత్తుమందు వికటిస్తే: చిన్న ఆసుపత్రిలో చేరిన శిష్యురాలికి లేఖ

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు,

ఆశీస్సులు. నర్సంపేటలో మత్తు డాక్టరుగా చేరావని, రెండు ఓటీలు (ఆపరేషన్ గదులు), ఒక ప్రసూతి గది, ఒక చిన్న క్యాజువాల్టీ ఉన్న ఆ ఆసుపత్రిలో మత్తు విషయానికి వస్తే చివరి మాట ఇక నీదేనని రాసిన ఉత్తరం అందింది. ఒంట్లో ఒక భాగాన్నే మొద్దుబార్చే లోకల్ మత్తుమందు వికటిస్తే ఎదుర్కొనడానికి ఏమేమి సిద్ధం చేసుకోవాలని అడిగావు. చేరిన మొదటి నెలలోనే ఆ ప్రశ్న నీకు తోచినందుకు సంతోషించాను. నాకు అది సర్వీసులో సగం గడిచాక, అదీ ఒక దెబ్బ తిన్నాక తోచింది.

ఆ దెబ్బ సంగతి ముందు చెబుతాను. ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు కేసు ఉందని పిలిస్తే వెళ్లాను. పత్తి జిన్నింగు మిల్లులో అరచెయ్యి నలిగిన మనిషి. కేసు షీటు మీద బరువు 55 కిలోలని ఉంది. అది ఎవరో చూపుతోనే అంచనా వేసి రాసిన అంకె అని, అసలు బరువు 42 అని మరునాడు తూచినప్పుడు గాని తెలియలేదు. చెయ్యి మొద్దుబారేలా చంకలో నరాల చుట్టూ సూది మందు, అంటే బ్లాకు, ఇచ్చాను. లిగ్నోకైన్, బుపివకైన్ అనే లోకల్ మందులు రెండూ కలిపాను. దేని హద్దులో అది ఉంది కదా అనుకున్నాను. చిటికెన వేలి వైపు ఇంకా నొప్పి తెలుస్తోందని సర్జన్ గారు నాతో ఒక మాట చెప్పకుండానే గాయం చుట్టూ మరో పది మి.లీ. లిగ్నోకైన్ ఎక్కించారు. కొంతసేపటికి ఆ మనిషి "సారూ, నోట్ల ఇనుము నాకినట్టున్నది, చెవులల్ల గుయ్యిమంటున్నది" అన్నాడు. భయంతో అంటున్నాడనుకుని "ఏం కాదు, కండ్లు మూసుకుని పండుకో" అన్నాను. పాఠ్యపుస్తకంలో ఉన్న మాటనే ఆయన తన భాషలో నాకు చెప్పాడు, నేను వినలేదు. పెదవి ఒక పక్కకు కొట్టుకోవడం మొదలైంది, ఫిట్స్ వచ్చాయి, మానిటర్ మీద గీతలు వెడల్పై నెమ్మదించాయి.

దీనికి విరుగుడైన లిపిడ్ (తెల్లటి నూనె మందు) సీసా ఆ నర్సింగ్ హోమ్‌లో లేకపోలేదు. కింది అంతస్తులో, మందుల స్టోరులో, తాళం వేసిన అలమారలో ఉంది. తాళంచెవి భోజనానికి ఇంటికి పోయిన ఫార్మసిస్టు జేబులో ఉంది. సీసా నా చేతికి వచ్చేదాకా ఒకరు ఊపిరి అందించే అంబూ బ్యాగు పిండుతూ, ఇద్దరు మార్చి మార్చి ఛాతీ నొక్కుతూ గడిపాము. ఆయన బతికి ఇంటికి వెళ్లాడు. కానీ ఆనాటి నుంచి నేను ఏ ఆసుపత్రికి వెళ్లినా సీసా ఉందా అని అడగడం మానేశాను. మత్తు డాక్టరు భవనంలో లేని వేళ దాన్ని ఎవరు తెస్తారు, ఎంతసేపట్లో తెస్తారు అని అడుగుతున్నాను.

కాబట్టి నీ మొదటి ఖర్చు మందు మీద కాదు, బరువు తూచే యంత్రం మీద పెట్టించు. క్యాజువాల్టీలో ఒకటి, ఓటీ ముందర ఒకటి ఉండాలి. మన దగ్గర వ్యవసాయ కూలికి పోయే ఆడవాళ్లలో 40 కిలోలు ఉండేవారు ఎందరో నీకు తెలుసు. 40 కిలోల మనిషికి అడ్రినలిన్ కలపని లిగ్నోకైన్ కిలోకు 4.5 మి.గ్రా. చొప్పున లెక్కించినా 180 మి.గ్రా. మించకూడదు, 2 శాతం మందులో అది 9 మి.లీ. మాత్రమే. నేనైతే కిలోకు 3 దగ్గరే ఆగుతాను, అంటే 6 మి.లీ. మరి క్యాజువాల్టీ బల్ల మీద ఉండే 30 మి.లీ. వయల్‌లో 600 మి.గ్రా. ఉంటుంది. ఆ చిన్న సీసాను చూసి ఎవరికీ భయం వేయదు, అదే దానితో ఉన్న చిక్కు. అడ్రినలిన్ కలిపితే కిలోకు 7 వరకు పోవచ్చు. బుపివకైన్ కిలోకు 2 మి.గ్రా. అనుకుంటే అదే మనిషికి 0.5 శాతం మందు 16 మి.లీ. వరకే, 20 మి.లీ. వయల్ మొత్తం ఎక్కించావంటే గీత దాటినట్టే. రెండు మందులు కలిపినప్పుడు హద్దులు విడివిడిగా ఉండవు: ఒకదానిలో సగం వాడుకుంటే రెండోదానిలోనూ సగమే మిగులుతుంది. సర్జన్ చేతిలో ఉన్న సిరంజి కూడా నీ లెక్కలోదే. ఓటీ గోడకు ఒక తెల్లబోర్డు వేయించి, రోగి బరువు, ఆ బరువుకు మొత్తం ఎన్ని మి.లీ., ఇప్పటికి ఎన్ని పోయాయి అనే మూడు అంకెలు సిస్టర్ చేత రాయించు. సర్జన్లు మొదట్లో విసుక్కుంటారు, విసుక్కోనీ.

సిజేరియన్ కేసుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఆపరేషన్ ముగిశాక కడుపు గోడకు రెండు వైపులా 0.25 శాతం బుపివకైన్ 20 మి.లీ. చొప్పున బ్లాకు ఇవ్వడం ఇప్పుడు మామూలైపోయింది. లెక్క కట్టి చూడు: మొత్తం 100 మి.గ్రా., అంటే 50 కిలోల బాలింతకు సరిగ్గా అంచు మీద ఉన్నట్టు, వెన్నులో ఇచ్చినది దానికి అదనం. గర్భంతో ఉన్న ఒంట్లో ఈ మందును పట్టి ఉంచే ప్రోటీన్ తగ్గి, విడిగా తిరిగే మందు పెరుగుతుంది. పైగా ఈ బ్లాకులో మందు కండరాల మధ్య నుంచి నిదానంగా రక్తంలోకి ఎక్కుతుంది కాబట్టి, లక్షణాలు కనబడే వేళకు ఆమె ఓటీలో ఉండదు. వార్డులో పక్కన వాళ్లమ్మ తప్ప ఎవరూ ఉండరు. ఎక్కువ మోతాదు ఇచ్చిన ఎవరినైనా కనీసం 30 నిమిషాలు మానిటర్ మీద పెట్టించు. వార్డు సిస్టర్లకు చెప్పవలసిన గుర్తులు కష్టమైనవేమీ కావు: మూతి చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి ఎక్కువగా మాట్లాడడం లేదా అసలే మాట్లాడకపోవడం. అయితే బుపివకైన్ ఒక్కోసారి ఈ గుర్తులేవీ చూపకుండా నేరుగా గుండెనే పడుతుంది. 1979లో ఆల్‌బ్రైట్ అనే అమెరికా వైద్యుడు ఈ మాట రాసిన తర్వాతనే ప్రపంచం దీన్ని గట్టిగా పట్టించుకుంది.

ఇక సీసా సంగతి. 20 శాతం లిపిడ్ ఎమల్షన్, 250 మి.లీ. సీసాలు నాలుగు ఉంచు. ఒకటి చాలదా అని యాజమాన్యం తప్పక అడుగుతుంది. 70 కిలోల మనిషికి కిలోకు 1.5 మి.లీ. చొప్పున మొదటి బోలస్ (ఒక్కసారిగా ఎక్కించే మోతాదు) 105 మి.లీ., తర్వాత కిలోకు నిమిషానికి 0.25 మి.లీ. చొప్పున ధారగా ఎక్కిస్తే నిమిషానికి పదిహేడున్నర మి.లీ. పోతుంది, మొదటి సీసా పది నిమిషాల్లోపే ఖాళీ అవుతుంది. మొత్తం మోతాదు కిలోకు 12 మి.లీ. దాటకూడదు, అంటే ఆయనకు 840 మి.లీ. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి చూపించు. గడువు తీరి పారబోయాలి కదా అనే రెండో అభ్యంతరానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది: పసిపిల్లల ఐసీయూ ఉన్న ఏదైనా పెద్ద ఆసుపత్రితో మాట్లాడుకో. నోటితో పాలు తాగలేని పసికందులకు వాళ్లు ఇదే మందును పోషణ కోసం వాడుతారు. గడువుకు మూడు నెలల ముందు వాళ్లకు ఇచ్చి కొత్తది తెచ్చుకో. అలా మార్చలేకపోయిన సీసా మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అడ్డగీత గీసి, శిక్షణకు వాడుకో.

మే నెలలో మన ఎండ నీకు చెప్పనక్కరలేదు. ఈ మందును 25 డిగ్రీల లోపు ఉంచాలి, అయితే గడ్డకట్టనీయకూడదు. కాబట్టి రేకుల షెడ్డు స్టోరూ వద్దు, ఫ్రిజ్ పై అరలోని మంచుపెట్టె అంతకన్నా వద్దు. ఓటీలో ఏసీ ఉండే చోటే దాని స్థానం. సీసాలో నూనె తెట్టు విడిపోయి పైన తేలుతుంటే పక్కన పెట్టెయ్యి. సీసాలతో పాటు ఒక మూత డబ్బాలో 50 మి.లీ. సిరంజిలు రెండు, పెద్ద సూదులు, డ్రిప్ సెట్, బరువుల వారీగా మి.లీ. రాసిన ప్లాస్టిక్ పూత కాగితం పెట్టు. డబ్బాకు తాళం పెట్టకు. ఎవరైనా మధ్యలో తెరిచారా అని తెలియడానికి ప్లాస్టర్ అంటించు, చాలు.

ఆ కాగితం మీద వరుస ఇలా ఉండాలి: సూది ఆపు, కేక వేసి మనుషులను పిలువు, ఆక్సిజన్ నూటికి నూరు ఇచ్చి ఊపిరి చూడు, ఫిట్స్ వస్తే మిడజోలం, డబ్బా తెప్పించు. ఊపిరి ముందు ఎందుకంటే ఆక్సిజన్ తగ్గి రక్తం పులిసే కొద్దీ ఈ మందు గుండెను మరింత గట్టిగా పట్టుకుంటుంది. గుండె ఆగేదాకా లిపిడ్ కోసం ఎదురుచూడకు. ఫిట్స్ వచ్చినా, రక్తపోటు జారుతున్నా మొదలుపెట్టు. ఐదు నిమిషాలకు కోలుకోకపోతే అదే బోలస్ మళ్లీ ఇచ్చి, ధారను రెట్టింపు చెయ్యి. నిద్రపుచ్చే ప్రోపోఫాల్ కూడా తెల్లగానే ఉంటుందని దాన్ని బదులుగా వాడబోయే వారుంటారు. అందులో లిపిడ్ తక్కువ, పైగా అది గుండెను ఇంకా కుంగదీస్తుంది. అడ్రినలిన్ మామూలుగా గుండె ఆగినప్పటి లెక్కన 1 మి.గ్రా. ఒకేసారి పొడవకూడదు, కిలోకు 1 మైక్రోగ్రాము మించవద్దు. 1 మి.గ్రా. ఉండే ఒక ఆంప్యూల్‌ను సెలైన్‌తో 20 మి.లీ. చేస్తే 1 మి.లీ.లో 50 మైక్రోగ్రాములు ఉంటాయి, 50 కిలోల మనిషికి అదే ఒక మోతాదు. గుండె లయ తప్పిందని లిగ్నోకైన్ ఎక్కించబోయే చెయ్యిని పట్టుకుని ఆపు. నవ్వకు, అది కూడా చూశాను.

ఈ మందు ఎలా పనిచేస్తుందని సిస్టర్లు అడిగితే, పసుపు రంగు నీళ్లకన్నా నూనెలోకి ఎలా దిగుతుందో చెప్పు: బుపివకైన్ కూడా కొవ్వును ఇష్టపడే మందు కాబట్టి రక్తంలో తిరిగే ఈ నూనె చుక్కల్లోకి లాగబడి, గుండెను వదిలి కాలేయం వైపు, కండరాల వైపు పోతుంది. 1998లో చికాగోలో గై వైన్‌బర్గ్ బృందం దీన్ని ఎలుకలలో చూపింది. మనుషులలో మొదటి విజయవంతమైన కేసు 2006లో అచ్చయింది. నేను చదువుకున్న రోజుల్లో ఈ మాటే లేదు.

ఛాతీ నొక్కడం తొందరపడి ఆపవద్దు. ఈ విషానికి గుండె ఆగినవారు గంటకు పైగా నొక్కించుకుని కూడా లేచి కూర్చున్నారు. నర్సంపేట నుంచి వరంగల్‌కు దాదాపు 40 కిలోమీటర్లు. గుండె కొట్టుకోని మనిషిని లిపిడ్ మొదలుపెట్టకుండా 108లో ఎక్కించడమంటే దారిలో వదిలేయడమే. ముందు మొదలుపెట్టు, తర్వాత ఫోను చెయ్యి, మిగిలిన సీసాలు వెంట పంపు. గుండె ఊపిరితిత్తుల బైపాస్ యంత్రం ఎక్కడ దొరుకుతుందో, అక్కడ రాత్రి ఫోను ఎత్తేది ఎవరో ఈ వారమే కనుక్కుని డబ్బా మూత లోపల రాయి. కోలుకున్నారని వెంటనే వార్డుకు పంపవద్దు, తిరగబెట్టవచ్చు. ఫిట్స్ మాత్రమే వస్తే కనీసం రెండు గంటలు, గుండె మీద దెబ్బ పడితే కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గర కూర్చోవాలి. రక్త పరీక్షలు లిపిడ్ ఎక్కించక ముందే తీయించు, తర్వాత అంకెలు నమ్మలేము. బంధువులకు జరిగింది జరిగినట్టు చెప్పు. మన ఊళ్లలో దాచిన మాటకే గొడవ అవుతుంది.

ఇంకొకటి. నీ చేతి మీదుగా పోయే లోకల్ కన్నా నీకు తెలియకుండా పోయేదే ఎక్కువ. క్యాజువాల్టీలో కుట్లు వేసే డ్యూటీ డాక్టరు, పళ్ల డాక్టరు, పసిపిల్లలకు సున్తీ చేసే సర్జన్, మూత్రపు గొట్టం వేసేటప్పుడు లిగ్నోకైన్ జెల్లీ వాడే సిస్టర్, వీరందరినీ ఒకసారి కూర్చోబెట్టు. పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందా అని చూడడం, మూడు నుంచి ఐదు మి.లీ. ఇచ్చి ఆగి రోగితో మాట్లాడడం, ఈ రెండు అలవాట్లు చేయించగలిగితే డబ్బా చాలాకాలం తెరవకుండానే ఉంటుంది. మూడు నెలలకు ఒకసారి, చెప్పాపెట్టకుండా, రాత్రి డ్యూటీలో మాక్ డ్రిల్ పెట్టు. గడువు తీరిన సీసాలోంచి 50 మి.లీ. సిరంజిలోకి మందు లాగమను. సన్న సూదిలోంచి అది తొందరగా రాదు. చెమట పట్టేదాకా లాగితే గాని ఆ సంగతి చేతికి తెలియదు.

వచ్చే ఆదివారం నేను పాకాల వైపు వస్తున్నాను, దారిలో మీ ఆసుపత్రికి వస్తాను. డబ్బా ఎక్కడుందో నిన్ను అడగను బిడ్డా. రాత్రి డ్యూటీలో ఉండే సిస్టర్‌ను పిలిపించి, చేతికి గడియారం ఇచ్చి, ఆమెను అడుగుతాను.

ఇట్లు,
మీ సార్