లాటిన్ పదభేదాల జాబితాలు చదవబోయే ముందు

అమ్మలూ,

నీ మెయిల్ చూశాను. మధ్యయుగపు 'దిఫెరెన్షియే' (మాటల మధ్య తేడాలు చెప్పే) జాబితాల మీద పని చేస్తానన్నావు, సంతోషం, కానీ వాటిని నిఘంటువుల్లా వాడేలా ఉన్నావనిపించి ఇది రాస్తున్నా. అలా వాడకు.

మన అమరకోశం ఒకే అర్థమున్న మాటల్ని ఒకచోట పోగేస్తుంది, ఈ జాబితాలు రాసినవాళ్లది దానికి తిరగబడ్డ పని: అర్థంలోనో పలుకులోనో దగ్గరగా ఉన్న రెండు మాటలు పక్కపక్కన పెట్టి తేడా చెప్పడం. నెత్తురు ఒంట్లో ఉన్నంతసేపూ శాంగ్విస్, బయటికి కారితే క్రువోర్ అంటాడు సెవిల్ బిషప్ ఇసిడోర్ (636లో చనిపోయాడు). ఎంత చక్కగా ఉందో కదా! కానీ రోమన్ కవి వర్జిల్ కావ్యం ఈనియడ్ రెండో కాండ తీసి చూడు, ట్రాయ్ ముసలి రాజు ప్రియాముడి నెత్తురు బలిపీఠాల మీద పడ్డ చోట కూడా శాంగ్విసే ఉంటుంది. అంటే ఈ జాబితాలు చెప్పేది పంతుళ్లు కోరుకున్న లాటిన్, జనం రాసిన లాటిన్ కాదు.

మరి ఎందుకు చదవాలంటే, ఎవరు ఎవర్ని చూసి రాశారో పట్టుకోవడానికి. అడిగితే ఇచ్చే మాట ప్రొమిత్తెరె, అడక్కుండా మనంతట మనమే ఇచ్చేది పొల్లికేరి అనే తేడా వర్జిల్ వ్యాఖ్యాత సెర్వియస్‌లో ఉంది, తర్వాత జాబితాల్లోకీ ఎక్కింది, ఒక జాబితా అయితే ఈ జంటతోనే మొదలవుతుంది కాబట్టి దాన్ని 'ఇంతెర్ పొల్లికేరి ఎత్ ప్రొమిత్తెరె' (పొల్లికేరికీ ప్రొమిత్తెరెకీ మధ్య) అనే పిలుస్తారు. నువ్వు కూడా మొదటి మాటలతోనే గుర్తుపెట్టుకో. జాబితా పైన సిసెరో అనో ఫ్రోంటో అనో పాత రోమన్ రచయితల పేరు రాసుంటే మురిసిపోకు, పెద్దవాళ్ల పేర్లు అలా తగిలించడం మామూలే.

ఒక్క జంట తీసుకుని అది కనిపించిన ప్రతి జాబితాలోని వాక్యాన్నీ అక్షరం పొల్లుపోకుండా ఎక్సెల్‌లో దించుకో. దాని ముందూ వెనకా ఏ జంటలున్నాయో కూడా రాసుకో, ఇది మాత్రం మర్చిపోకు, ఎందుకంటే ఒక వాక్యం ఎక్కడినుంచైనా రావచ్చు గానీ వరసగా నాలుగైదు జంటలు అదే క్రమంలో వస్తే అది కాపీయే. అక్షరక్రమంలోకి మార్చేసిన ప్రతుల్లో ఈ ఆధారం చెదిరిపోతుంది, అక్కడ వాక్యాల పోలికే దిక్కు.

స్పెల్లింగులు సరిదిద్దకు. లాటిన్ పలుకులో బ, వ కలిసిపోయిన కాలం అది, నీకు తప్పులా కనిపించేదే రాసినవాడి నోట్లో పలుకేమిటో చెప్పొచ్చు.

మొదటి పది జంటలు అయ్యాక ఫైల్ పంపు, చూస్తాను.

పెదనాన్న