ఒక్కసారే కనిపించిన మాట

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. కథకు ‘సెలా’ అని పేరు పెట్టి, ఆ హీబ్రూ మాటలో ఉన్న ప్రతీక ఎలా ఉందో చెప్పమన్నావు. సండే స్కూల్లో పెరిగినవాడివి. నీకు బైబిలు గురించి చెప్పడమంటే కమ్మరి వీధిలో సూదులమ్మడమే. అయినా అమ్ముతాను, కథ కూడా కమ్మరిదే కనక.

సెలా బైబిల్లోని కీర్తనల్లో 71 సార్లు, హబక్కూకు ప్రవక్త గ్రంథంలో 3 సార్లు వస్తుంది. అన్నిసార్లు వచ్చినా దాని అర్థం ఇదీ అని తేల్చినవాళ్లు లేరు. పాట కాసేపు ఆపమనో, వాయిద్యం హెచ్చించమనో, అన్నీ ఊహలే. అర్థం తెలియని మాటకు ఏ ప్రతీకనైనా తగిలించొచ్చు, కాదనేవాళ్లుండరు. నువ్వు చేసిందదే. నా పెన్సిలు మొదట ఆగింది అక్కడే.

ఇంకో మాట చెప్తాను, చూడు. పీమ్. హీబ్రూ బైబిలు మొత్తంలో ఒక్కచోటే ఉంది: సమూయేలు మొదటి గ్రంథం, 13వ అధ్యాయం, 21వ వచనం. సందర్భం నీకు తెలిసిందే. హెబ్రీయులు కత్తులూ ఈటెలూ చేయించుకుంటారేమోనని ఫిలిష్తీయులు ఆ దేశంలో ఒక్క కమ్మరి కూడా లేకుండా చేశారు. నాగటి కర్రు మొద్దుబారితే రైతు కొండ దిగి శత్రువు కొలిమి దగ్గరికే పోవాలి. అక్కడ వస్తుంది పీమ్.

అనువాదకులకు అది వందల ఏళ్లు కొరుకుడు పడలేదు. హీబ్రూలో నోటిని ‘పె’ అంటారు. ఇది దాని బహువచనమేమో, నోళ్లున్న పనిముట్టేమో అనుకున్నారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆకురాయి అని రాసింది. మన పాత తెలుగు బైబిల్లోనూ అక్కడ ఆకురాళ్లే ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టలేను. కమ్మరి పనుల మధ్య ఆకురాయి ఎంత సహజంగా అమరిపోయిందో చూడు, ఎవరికీ అనుమానమే రాదు.

సమాధానం నిఘంటువులో దొరకలేదు, మట్టిలో దొరికింది. యెరూషలేములో, గెజెరు, లాకీషు అనే పాత పట్టణాల్లో చిన్న చిన్న సున్నపురాళ్లు బయటపడ్డాయి. రేగుపండంత ఉంటాయి. అడుగు చదును, నెత్తి గుండ్రం. ఆ నెత్తిమీద చెక్కిన అక్షరాలు మూడు: పె, యోద్, మేమ్. కలిపి చదివితే పీమ్. తూచి చూస్తే ఒక్కోటీ అటూ ఇటుగా 7.8 గ్రాములు. తూకపు రాళ్లన్నమాట! షెకెలు అనే ఆనాటి తూకం 11.3 గ్రాములకు కాస్త అటూ ఇటూ. పీమ్ అందులో మూడింట రెండు వంతులు. నీకు పట్టుబడేలా చెప్పాలంటే, మన పాత తులం 11.66 గ్రాములు (ఇప్పటి బంగారు కొట్లు పదికే తులం అంటున్నాయిలే), షెకెలు దానికి పిసరు తక్కువ. నాణేలింకా రాని కాలం, వెండి తూచి ఇచ్చేవాళ్లు. అంటే పీమ్ పనిముట్టు కాదు, ధర. కర్రు పదును పెట్టినందుకు కమ్మరి పుచ్చుకున్న కూలి. 20వ శతాబ్దంలో వచ్చిన అనువాదాలు చాలావరకు ఇలాగే దిద్దుకున్నాయి.

ఆ రాళ్లలో ఎక్కువ క్రీ.పూ. 8, 7 శతాబ్దాలవి, ఆ వచనంలోని సంగతులు జరిగిన సౌలు రాజు కాలానికి బాగా తర్వాతివి. ఆ వచనం చివరి సగం ఇప్పటికీ తిప్పలు పెడుతూనే ఉంది. ఆ తగువులు పండితులు చూసుకుంటారు.

ఇప్పుడు ఆ వచనం మళ్లీ చదువు. రైతు సిగ్గుపడ్డాడని లేదు, కుమిలిపోయాడని లేదు. కర్రుకు ఇంత అని ఉంది, అంతే. తన కర్రును తానే మోసుకుపోయి, పగవాడి త్రాసులో వెండి పోసి, మళ్లీ మోసుకొస్తున్న మనిషి కనిపిస్తాడు. మరుసటి వచనంలో యుద్ధం. సౌలుకీ అతని కొడుకు యోనాతానుకీ తప్ప ఎవరి చేతిలోనూ కత్తి లేదు, ఈటె లేదు. రాసినవాడు ప్రతీక కోసం వెతికి ఉంటాడని నేననుకోను. తన కాలపు సంతలో అందరి నోటా నలిగే మాట వేసి ముందుకెళ్లిపోయాడు.

నీ కథలో కొలిమి ఉంది, తిత్తి ఉంది, సమ్మెట దెబ్బలున్నాయి. ‘అతని గుండె కూడా ఎర్రగా కాగుతున్న ఇనుమే’ అనే వాక్యం ఉంది, దాన్ని కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. నన్ను వేధించింది మరొకటి. రైతు వచ్చాడు, కర్రు కొట్టించుకున్నాడు, వెళ్లిపోయాడు. ఏమిచ్చాడు? ఆ కమ్మరి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోంది? మన పల్లెల్లో చేతిపనివాళ్లకు కళ్లంలో మేర, అంటే పనికి బదులు ధాన్యం, కొలిచేవాళ్లు కదా. వాన మొహం చాటేసిన ఏడు ఆ మేర ఏమయ్యేది? నీ కథ అక్కడుంది, సెలాలో లేదు.

ఈ మాట అనడానికి నాకేమంత అర్హత లేదులే. నా తొలి కథల్లో ఒకదానిలో పెళ్లికూతురికి రెండు తులాల ముక్కుపుడక పెట్టాను. ఒక కంసాలి కార్డు ముక్క రాశాడు: ‘అయ్యా, ఆ పిల్ల ముక్కు ఉన్నదా, ఊడినదా?’ సంతకం కూడా పెట్టలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

పండక్కి ఊరెళ్తున్నానన్నావుగా. మీ నాయనమ్మ దగ్గర కూర్చుని అడుగు. కమ్మరికి ఏడాదికి ఎన్ని కుంచాలు కొలిచేవాళ్లు, అరకకు ఇంతనా, ఇంటికి ఇంతనా, కుంచం అంచుకు సమంగా కొలిచేవాళ్లా, పైన రాశి పోసి కొలిచేవాళ్లా. ఆవిడ వాడిన మాటలు వాడినట్టే రాసుకో, సరిదిద్దకు. ఆ తర్వాత కథ మళ్లీ పంపు. పేరు సంగతి అప్పుడు చూద్దాం.

నీ అన్న