చెరువు కట్ట ఎత్తు పెంచేటప్పుడు మట్టి మొత్తం ఒకేసారి పోసి రోలర్ తిప్పితే సరిపోదా?

సరిపోదు, మట్టిని సుమారు 9 అంగుళాల మందంలో పరిచి, నీళ్లు చల్లి, రోలర్‌తో 6 అంగుళాలకు అణిగేదాకా తొక్కించాకే పై పొర వేయాలి.

రోలర్ బరువు పైనున్న కొద్దిపాటి మట్టికే అందుతుంది. అడుగున మట్టి గుల్లగానే ఉండిపోతుంది. చెరువు నిండాక నీరు ఆ సందుల్లో దారి చేసుకుని మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోతుంది. గండి పడటానికి ఇదొక ముఖ్య కారణం. నీళ్లు చల్లేది దుమ్ము లేవకుండా అనుకుంటారు గానీ, తగినంత తేమ ఉంటేనే మట్టి రేణువులు జరిగి దగ్గరవుతాయి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, చేతికి బురద అంటకూడదు. తడి మరీ ఎక్కువైతే రోలర్ కింద మట్టి రబ్బరులా ఊగుతుంది.

నల్లగొండ వైపు ఒక కుంట కట్టను 3 అడుగులు పెంచాలనుకోండి. అంటే ఆరు పొరలు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఒక్కో పొరకూ ఒకసారి చొప్పున ఆరుసార్లు చూడాలి. పని పూర్తయ్యాక చూస్తే ఏ కట్టైనా నున్నగానే కనిపిస్తుంది. పాత కట్ట మీద గడ్డి, కంప తీసి, పైభాగం గీరి తడపకపోతే కొత్త మట్టి దానితో కలవదు కూడా.

"రెండు వానలు పడితే అదే దిగుతుందిలే" అనేది చాలామంది అపోహ. దిగడం నిజమే, కానీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగి కట్ట పగుళ్లిస్తుంది. చెరువులో తీసిన పూడికనే కట్టకు వాడటమూ ఇలాంటిదే; అది చెలకలకు, అంటే మెట్ట పొలాలకు, తోలుకోవాల్సిన మట్టి.