రచనా సందేహాలు: చీమ జవాబు చెప్పేశాక కథ ఎటు?

ప్రశ్న: ఏడు చేపల కథను చంద్రుడి మీదికి మార్చి టీనేజ్ పిల్లల కోసం నవలిక రాశాను. రాజుగారి కొడుకులు ఇంజనీర్లు, చేపలు ఏడు సోలార్ పలకలు. ఒక పలక చార్జ్ కాదు. ఎందుకని అడుగుతూ పోతే, ధ్రువం దగ్గర మంచు తవ్వే చీమ రోబో దగ్గర తేలుతుంది. రెండో భాగంలోనూ మళ్లీ అదే అడగడం, అదే చెప్పడం అయిపోతోంది.
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: మొదటి భాగం వెనక్కి నడిచిన కథ. చేప దగ్గర బయల్దేరి గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పాప మీదుగా కారణం వెతుక్కుంటూ వెళ్లింది. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అని చీమ అనేశాక వెతకడానికేమీ మిగల్లేదు. ఎనిమిదో చేపను తెచ్చారంటే పిల్లలు రెండో పేజీలోనే చీమను పట్టేస్తారు.

అందుకే ఈసారి పుట్ట దగ్గర మొదలుపెట్టి ముందుకు నడపండి. వేలు పెట్టినందుకు పుట్టకేమైంది? మీ పుట్ట ఎండ ఎరగని గుంతలోని మంచు. అక్కడ గాలి లేదు కాబట్టి వేడి తగిలిన మంచు నీళ్లవదు, నేరుగా ఆవిరై పోతుంది. మంచు తరిగితే తాగునీరు తరుగుతుంది, నీటిని విడగొట్టి తీసే ఆక్సిజన్ తరుగుతుంది, రాకెట్‌కు హైడ్రోజన్ చాలదు. ఇక్కడిదాకా భౌతికశాస్త్రమే లాక్కొస్తుంది. కథ మాత్రం మనుషుల వల్లే పుట్టాలి. నీటి రేషన్‌లో అవ్వ ఎవరి వాటా కోసింది? పాప చేసిన పని ఎవరు దాచారు? ఆ పాపకిప్పుడు పదహారేళ్లు రానివ్వండి. తనకు గుర్తే లేని వేలికి ఊరంతా ఇంకా మూల్యం కడుతోందని ఆమెకు తెలిసే చోటే మీ నవల అసలు మొదలు.

మెట్లన్నీ విడివిడి కార్డుల మీద రాసి, ఒక్కో కార్డు తీసి చూడండి. తీసినా కథ సాగిపోతుంటే ఆ మెట్టు దండగ.

ప్రశ్న: పాత కథ గుర్తుచేయడానికి ఎన్ని పేజీలు కేటాయించాలి?
– ఓ పాఠకుడు, పలమనేరు

జవాబు: ఒక్క పేజీ కూడా వద్దు. ఇద్దరు పాత్రలు పాత సంగతి మీద వాదులాడుకునే నాలుగైదు మాటలు చాలు. ఒకరు చెప్పింది కొంచెం తప్పైతే మరీ మంచిది.

ప్రశ్న: మా నాయిక గాదంకి రాడార్‌తో చంద్రుడి మీది వాళ్ల మాటలు వింటుంది. కుదురుతుందా?
– ఓ పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: సగం కుదురుతుంది. అది గాలుల కదలికలు చూసే 53 మెగాహెర్ట్జ్ రాడార్. 1024 యాంటెన్నాలు నేల మీద స్థిరంగా ఉంటాయి, డిష్‌లా తిరగవు. కిరణాన్ని నడినెత్తి చుట్టూ కొద్దిగా మాత్రమే వంచగలరు. గాదంకి దాదాపు 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి చంద్రుడు దాని నడినెత్తికి దగ్గరగా వచ్చేది నెలకు రెండు విడతలే, అదీ కొద్దిసేపే. మీకిది అడ్డంకి కాదు, ఉత్కంఠకు గడువు దొరికినట్టే. చంద్రుడి మీది వాళ్లూ అదే 53 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడాలి, దానికో కారణం కల్పించండి. మాట చేరడానికి సుమారు 1.3 సెకన్లు, బదులు రావడానికి మరో అంత. పోట్లాట రాస్తున్నప్పుడు ఆ ఖాళీ మరిచిపోతే సన్నివేశం లోకల్ ఫోన్ కాల్ అయిపోతుంది. ఒకరి తిట్టు పూర్తయ్యేలోపు రెండోవాళ్ల పాత జవాబు వచ్చి పడేలా రాయండి.