మొఘల్ మన్సబ్‌దారు జీతం ఎలా లెక్కకట్టేవారు?
మన్సబ్ అంటే మొఘల్ కొలువులో ఉద్యోగికిచ్చే హోదా. అందులో రెండు అంకెలుండేవి. ‘3000 జాత్, 2000 సవార్’ అంటే మొదటిది మనిషి హోదా, సొంత జీతం. రెండోది అతను పోషించాల్సిన రౌతుల లెక్క, దానికి సొమ్ము వేరు.

జీతం దాముల్లో (రాగి నాణేల లెక్కలో) రాసేవారు. 40 దాములు ఒక రూపాయి. చాలామందికి నగదు బదులు అంత శిస్తు రావాల్సిన జాగీరు ఇచ్చి, కొన్నేళ్లకు మార్చేసేవారు. అసలు చిక్కంతా ఇక్కడే: కాగితం మీది జమా వేరు, చేతికొచ్చే హాసిల్ వేరు. జమాలో సగమే వసూలైతే షాజహాన్ కాలంలో అది ‘ఆరు నెలల జాగీరు’. పోషించాల్సిన రౌతులూ ఆ మేరకు తగ్గేవారు.

తనిఖీ నాడు అరువు గుర్రాలు చూపించకుండా గుర్రం ఒంటిమీద దాగ్ ముద్ర వేసేవారు, రౌతు ముఖం పోలికలు చెహ్రా అనే పట్టీలో రాసేవారు. 1687లో గోల్కొండ మొఘలుల వశమయ్యాక దక్కన్ సర్దారులూ మన్సబుల్లో చేరారు. పంచడానికి జాగీర్లు చాల్లేదు.