తల ఎత్తి మెడ వెడల్పు చేస్తే నాగుపామేనా?

హనుమకొండలో వడ్డేపల్లి చెరువు పక్కన ఇల్లు, ముసురు పట్టిన రోజు వాకిట్లోకి గళ్ల గళ్ల పాము వచ్చి పడగ విప్పింది, కంటి కింద నల్ల గీతలున్నాయి, అది నాగుపామేనా అని ఒకరు రాశారు. ఆ గళ్లూ ఆ గీతలూ నీరుకట్టెవి. దానికి మనుషులకు హాని చేసే విషం లేదు.

బెదిరితే నీరుకట్టె కూడా తల లేపి మెడను చదును చేస్తుంది. ఈ ఒక్క అలవాటుకే పాపం ఎన్నో కర్రదెబ్బలకు చస్తున్నాయి. అందుకే మెడ కాదు, కన్ను చూడాలి. నీరుకట్టెకు కంటి నుంచి రెండు నల్ల గీతలు ఏటవాలుగా దిగుతాయి, ఒకటి పై పెదవి మీదికి, రెండోది నోటి మూల వైపుకి. నాగుపాము ఒళ్లు నున్నగా మెరుస్తుంది. నీరుకట్టెకు ఒక్కో పొలుసు మధ్యలో సన్నటి గట్టులాంటి గీర ఉండి గరుకుగా కనబడుతుంది. పడగ వెనక కళ్లజోడు గుర్తు లేదని ధైర్యపడొద్దు, అది లేని నాగుపాములూ ఉంటాయి. దగ్గరికి పోకుండా ఫోన్ జూమ్‌లో ఫొటో తీసి చూడండి.

పాకాల, రామప్ప లాంటి చెరువులు, వాటి కింది వరి మళ్లు దీనికి సొంతిల్లు. నడి చెరువులో కన్నా తుంగ మొలిచిన అంచున, తూము కాలువల్లో, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) కింది గుంటల్లో ఎక్కువ. కప్పలు, చేపపిల్లలు తింటుంది, గట్టు బొరియల్లో గుడ్లు పెడుతుంది. మత్తడి దుంకితే నీళ్లతోపాటే కాలువల వెంట ఇళ్ల దాకా వస్తుంది. ఇంటి గేటు తెరిచి, పిల్లల్ని, కుక్కను లోపల ఉంచితే దాని దారిన అది పోతుంది. చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

మోరీకి (మురుగు నీళ్లు పోయే కాలువకి) సన్న కన్నుల ఇనుప జాలీ బిగించండి. నైలాన్ వల మాత్రం వద్దు. తల దూరాక నడుము లావుకు ఇరుక్కుంటుంది, వెనక్కి రాబోతే పోగులు పొలుసుల కింద దిగబడి ఒళ్లు కోసుకుంటుంది. అలా చిక్కితే లాగకండి. అటవీ శాఖకో, పాములు పట్టడం తెలిసినవాళ్లకో చెప్పండి. వాళ్లు తల మీద తడిగుడ్డ కప్పి, చిన్న కత్తెరతో పోగు పోగూ తెంపుతారు.

పట్టుకోబోతే నీరుకట్టె చటుక్కున కరుస్తుంది. సన్న పళ్ల గాట్లు వరసగా పడి కాసేపు రక్తం కారుతుంది. సబ్బుతో కడిగి ధనుర్వాతం రాకుండా సూది వేయించుకుంటే చాలు. ఏ పామో కచ్చితంగా తెలియకపోతే విషప్పామనే అనుకోవాలి. కట్టు బిగించొద్దు, గాటు కోయొద్దు, కరిచిన చోటు కదలనివ్వకుండా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోవాలి.